నట్టు మీద గులాబీ చుక్క

ఆదోనిలో నా మెస్సుకు భోజనానికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, "ఏమక్కా, బెంగళూరుకు పోయి బండ్ల పందెం చూసొచ్చినావంట, ఎట్లుండె?" అని. వడ్డిస్తూ చెప్పే కథ కాదది. పప్పు దగ్గర మొదలుపెడితే మజ్జిగ దాకా వచ్చినా అసలు సంగతి రాదు, వాళ్ళు చేతులు కడుక్కుని పోతారు. అందుకే మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక కూర్చుని రాస్తున్నాను. చూడనివాళ్ళకు చెప్పడం కష్టమే. చూసిన నాకే ఇంకా నమ్మకం కుదరలేదు.

మా చెల్లెలి కూతురు హారిక కుందలహళ్ళిలో ఉంటుంది. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఆఫీసు, మిగిలిన రెండు రోజులు రేసింగు. ఈ రెండో సంగతి మా చెల్లెలు ఎవరికీ చెప్పదు. అడిగినవాళ్ళకు "పిల్ల డ్రైవింగు నేర్చుకుంటోంది" అంటుంది. నాలుగేళ్ళుగా నేర్చుకుంటూనే ఉంది పాపం.

ఈసారి జరిగేది ఏడాదికి ఆఖరి రేసు. గెలిచినవాళ్ళకు వచ్చే సంవత్సరం కోయంబత్తూరులో అసలైన రేసు కారు నడిపే సీటు ఇస్తారు. ఒక్క సీటే. అది రాకపోతే హెల్మెట్ అటక మీద పెట్టేస్తానని హారికే వాళ్ళమ్మకు మాటిచ్చింది. మా చెల్లెలు చూడలేనంది. "నువ్వు పో అక్కా, నీది రాతి గుండె" అంది. పొగిడిందో తిట్టిందో తెలీదు గానీ, మెస్సును నా ఇద్దరు వంటవాళ్ళ చేతుల్లో పెట్టి రైలెక్కాను. లక్ష్మక్క, వీరేశు ఆ ఇద్దరూ. ఒకరి పోపు డబ్బా ఇంకొకరు ముట్టుకుంటే ఆ పూట సాంబారు మాడినట్టే. వాళ్ళను వదిలి పోవడమే నాకు పెద్ద భయం అనుకున్నాను అప్పుడు.

కుందలహళ్ళిలో సగం కాఫీ

కుందలహళ్ళిలో దిగితే ఊరు మారినట్టే అనిపించలేదు. ఏ సందులో చూసినా ఆంధ్రా మెస్సు బోర్డే. మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని పిల్లలు తెలుగులోనే పోట్లాడుకుంటున్నారు. మన వృత్తి కదా, ఊరుకోలేక ఒక మెస్సులో కూర్చున్నాను. సాంబారులో బెల్లం. గోంగూర పచ్చడిలో కూడా తీపి తగిలింది. నా దగ్గర రెండు భోజనాలు వచ్చే డబ్బు తీసుకుని ఇట్లా చేస్తారా అని నాకు ఒళ్ళు మండింది. వడ్డించే ఆయనది గుత్తి అంట. "ఏమప్పా, గుత్తిలో పుట్టి గోంగూరలో బెల్లమా?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "ఇక్కడోళ్ళకు అట్లయితేనే దిగుతుందమ్మా" అని, లోపల్నించి ఇంకో గిన్నె తెచ్చి చాటుగా వేశాడు. అది అసలైన గోంగూర. కంట్లో నీళ్ళు తిరిగాయి, కారానికే లెండి.

సాయంత్రం హారిక నన్ను ఒక నిలబడి తినే హోటలుకు తీసుకుపోయింది. అక్కడికి మంజు వచ్చాడు, పగిలిన హారిక హెల్మెట్ అద్దం మార్పించి ఇవ్వడానికి. హారిక టీములో నడిపేది ఇద్దరే, తనూ ఈ మంజునాథూ. తండ్రిది హిందూపురం వైపు, తల్లి కన్నడం మనిషి. పొడుగ్గా, బక్కగా, ఏదీ తొందరపడకుండా మాట్లాడే పిల్లగాడు. వయసు ముప్పై లోపే.

"ఒక బై టూ" అంది హారిక కౌంటర్లో. ఒక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో పోసిచ్చారు. ఆదోనిలో నేనిట్లా పంచితే పిసినారిదంటారు. ఇక్కడ అది స్నేహమంట. ఇద్దరూ చెరి సగం తీసుకుని తాగారు, ఒక్క మాట మాట్లాడుకోలేదు. అద్దం చేతిలో పెట్టి, నాకు దండం పెట్టి, అతను వెళ్ళిపోయాడు.

"కొట్లాడినారా ఏంది?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. వాడు నా టీమ్‌మేట్. నేను ఫస్ట్ ఓడించాల్సింది వాణ్ణే."

"ఒకే జట్టు గదే?"

"అందుకే" అంది. "మిగతా వాళ్ళ బండి వేరే, ఇంజన్ వేరే. వాళ్ళ చేతిలో ఓడిపోతే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. వాడిదీ నాదీ సేమ్ బండి, సేమ్ ఇంజన్. వాడి వెనకాల వస్తే ఇంక చెప్పుకోడానికి ఏముంటుంది?"

నాకు చప్పున లక్ష్మక్క, వీరేశు గుర్తొచ్చారు. ఒకే బియ్యం, ఒకే పప్పు, ఒకే పొయ్యి. వాళ్ళు ఎందుకంత పళ్ళు నూరుకుంటారో ఇన్నేళ్ళకు నాకు అర్థమయింది, అదీ కుందలహళ్ళిలో నిలబడి కాఫీ తాగుతూ.

అత్తిబెలె అవతల, శనివారం పొద్దున

ట్రాకు అత్తిబెలె దాటాక లోపలికి ఉంది. ముందుగా బండిని చూసి నవ్వాపుకోలేకపోయాను. తలుపుల్లేవు, పైకప్పు లేదు, కింద స్ప్రింగుల్లేవు. నాలుగు బుల్లి చక్రాల మధ్య ఇనప కడ్డీల చట్రం, మీద ఒక సీటు, పక్కన ఇంజను. కూర్చుంటే మనిషికీ నేలకూ మధ్య అరచెయ్యి మందం జాగా. మా మెస్సులో పిండి రుబ్బే గ్రైండరుకు చక్రాలు కట్టినట్టుంది. "దీనికోసమా నాలుగేళ్ళు?" అన్నాను.

హారిక హెల్మెట్ పెట్టుకుని పోయింది.

అవి మొదలయ్యాక నేను తెరిచిన నోరు మళ్ళీ మూయలేదు. తేనెటీగల తుట్టెను కదిలించినట్టు మోత మొదలై, అది ఛాతీలోకి వచ్చి కూర్చుంది. తిన్నని దారిలో ఆ బండ్లు ఎదురుగా వచ్చి పోయినంతసేపూ కంటికి చిక్కలేదు, రంగులే కనపడ్డాయి. మలుపు దగ్గర గోడలోకే పోతున్నారనుకునే లోపల తిరిగిపోయేవాళ్ళు. నా కళ్ళ ముందు పెరిగిన పిల్ల, జ్వరమొస్తే చారన్నం కలిపి పెట్టమని నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, అందులో ఉంది. రాతి గుండె అన్న మా చెల్లెల్ని అప్పుడు పిలిచి నా గుండె మీద చెయ్యి పెట్టించాలనిపించింది.

దిగాక ఇంకో విడ్డూరం. మా పత్తి మార్కెట్లో బోరాలను తూసినట్టు, మనిషినీ బండినీ కలిపి తూకమేస్తారు. తక్కువొస్తే గెలిచినా చెల్లదు. హారిక బక్కపిల్ల కాబట్టి సీటుకు సీసం ముక్కలు బిగిస్తారంట. "సీసం ఎందుకే, రోజూ ఇంకో రెండు ముద్దలు తింటే పోలేదా" అన్నాను. తూకమేసే ఆయన కన్నడంలో ఏదో అని ముసిముసిగా నవ్వాడు, హారిక మాత్రం ఎర్రగా చూసింది. చొక్కా చెయ్యి, అంచు పైకి లాగి చూపిస్తే మోచెయ్యీ పక్కటెముకలూ కమిలిపోయి ఉన్నాయి. స్ప్రింగుల్లేని బండి కదా, ప్రతి కుదుపూ ఒంటికే. నేనింక పరాచికాలు ఆపేశాను.

ఆ పొద్దుటి పరుగును బట్టే ఆదివారం రేసులో ఎవరి వెనక ఎవరు నిలబడాలో తేలుస్తారు. మంజు మొదట, హారిక రెండు, చెన్నై నుంచి వచ్చిన నీలం బండి కుర్రాడు మూడు. మంజుకూ హారికకూ మధ్య తేడా రెప్పపాటు కూడా లేదు. అది చాలు, రెండో చోటుకు.

బొమ్మసంద్రలో రాగి ముద్ద

టీము నడిపే రంగప్పకు బొమ్మసంద్రలో లేతు మిషన్ల షెడ్డుంది. వారమంతా కంపెనీలకు విడిభాగాలు చేస్తాడు, శని ఆదివారాలు ఈ పిచ్చి. నెరిసిన మీసం, నుదుట విభూతి, జేబులో ఎప్పుడూ ఒక స్పానరు. "మా తాతల కాలం నుంచీ బెంగుళూరే అక్కయ్యా. ఇంట్లో తెలుగు ఉండాది, బయటికొస్తే కన్నడ. కలలు మాత్రం దేంట్లో వస్తాయో నాకే తెలీదు" అన్నాడు. ఆయన ఇంటామె రాగి ముద్ద, ఆకుకూర పులుసు పెట్టింది. ముద్దను నమలకూడదు, మింగాలంట. మా వైపూ సంగటి తింటాం గానీ ఇంత నున్నగా నేను ఎప్పుడూ చేయలేదు. ఏం కలిపారని రెండుసార్లు అడిగాను. నీళ్ళూ పిండే అంది ఆమె. నాకింకా అనుమానమే.

భోజనానికి ముందు షెడ్డులో చూసింది మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. రెండు బండ్లనూ స్టాండ్ల మీదికి ఎక్కించారు. హారిక పోయి మంజు బండి పక్కన గొంతుక్కూర్చుంది. మంజు పోయి హారిక బండి పక్కన కూర్చున్నాడు. చేతిలో ఒక్కొక్క స్పానరు, ఒక్కొక్క గోళ్ళరంగు సీసా. ఆడపిల్లలు పెట్టుకునే గులాబీ రంగే. ఒక్కో నట్టునూ బిగించి చూడడం, దాని మీద నుంచి కింది ఇనుము మీదికి వచ్చేట్టు చిన్న చుక్క పెట్టడం. నట్టు కాస్త కదిలినా ఆ చుక్క చీలిపోయి కనపడుతుంది.

"ఇదేంది రంగప్పా, ఎవరి బండి వాళ్ళు చూసుకోరా?"

"లేదక్కయ్యా, ఆ పద్ధతి మన టీములో లేదు" అన్నాడు. "తన బండిలో తప్పు తనకు కనపడదు. బాగుండాదనే అనుకుంటాడు. పోటీ పడేవాడి బండిలో తప్పయితే ఇట్టే కనపడతాది. అందుకే వీడిది అది చూడాల, దానిది వీడు చూడాల. చుక్క పడందే ఎవరూ ట్రాకు మీదికి పోరు."

"ఒకవేళ కావాలనే వదిలేస్తే?"

రంగప్ప నా వైపు చూశాడు. నేనేదో అర్థం కాని భాషలో అడిగినట్టు చూశాడు. "ఎవరు?" అన్నాడు.

 మాటల్లేవు, నవ్వుల్లేవు, రేపు ఒకరినొకరు ఓడించడానికి ప్రాణం పెట్టే మనుషులు. కానీ ఆ ప్రాణం నిలబడేది ఎదుటివాళ్ళు బిగించిన నట్టు మీద. నా మెస్సులో ఒకరి పోపు డబ్బాకు ఇంకొకరు మూత కూడా పెట్టరు.

ఆ మురిపెం ముద్ద మీద చెయ్యి పెట్టేదాకానే. రంగప్ప పులుసు పోసుకుంటూ చెప్పాడు, "రేపు ఆర్డరు ఒకటే. మొదటి చుట్టు అయ్యేటప్పటికి మీ ఇద్దర్లో ఎవరు ముందుంటే చివరిదాకా వాళ్ళే ముందు. రెండోవాళ్ళు దాటకూడదు. వెనక నిలబడి నీలం బండిని ఆపాల."

ఈ బండ్లలో మాట్లాడే ఫోన్లుండవు. అందుకని గోడ దగ్గర నిలబడి పలక చూపిస్తారు. ఒకదాని వెనక ఒకటి రెండు నల్ల గీతలుంటే, ఎవరి చోట వాళ్ళు ఉండండని అర్థమంట.

హారిక చెయ్యి ఆగిపోయింది. "సార్, రేపు వాడు నా ముందు స్టార్ట్ అవుతాడు. ఆ ట్రాకులో మొదటి చుట్టులో ఎవరు దాటగలరు? అంటే సీటు వాడికిచ్చేసినట్టే గదా."

"పోయినసారి మీరిద్దరూ కొట్టుకోని గడ్డిలోకి పోయినారు. నీలం బండోడు నవ్వుతా గెలిచినాడు. ఈసారీ అదే అయితే సీటు మన షెడ్డులో ఎవరికీ రాదు తల్లీ."

"రాకపోతే పోనీ. పోటీ పడి పోగొట్టుకుంటా" అంది హారిక. "పోటీ పడకుండా కాదు."

నాకు ఆగలేదు. పెట్టిన తిండి తింటూ పెద్దమనిషిని కడిగేశాను. నాలుగేళ్ళు ఒళ్ళు కమిలేలా నడిపిన పిల్లను చివరి రోజున చేతులు కట్టుకుని వెనక నడవమంటారా, ఇదేం జట్టు అన్నాను. రంగప్ప తల వంచుకుని అన్నీ విన్నాడు, మాట మాత్రం మార్చలేదు. మంజు వైపు తిరిగాను. "నీకేమప్పా, ముందున్నోడివి."

"నేను అడగలేదు ఆంటీ" అన్నాడు మంజు. అంతే. కంచం తీసుకుని లేచాడు.

తిరిగిపోతూ టీ కొట్టు దగ్గర ఆగాం. "ఒక ఫుల్ కాఫీ" అంది హారిక. మంజు ఏమీ తాగకుండానే బస్టాపు వైపు నడిచాడు.

మళ్ళీ ట్రాకు, ఆదివారం

ఆదివారం పొద్దున నేను ఉగ్గాని, బజ్జీలు చేసి డబ్బా నింపుకుని పోయాను. రేసు ముందు నడిపేవాళ్ళు ఏమీ తినరంట. మార్షల్ జెండా పట్టుకున్న పిల్లలు, తూకమేసే ఆయన, నీలం బండి కుర్రాడి తండ్రి, అందరూ తిన్నారు. ఆ చెన్నై పెద్దాయన మూడో బజ్జీ తీసుకుంటుంటే కొంచెం కడుపు మండింది, శత్రుపక్షం కదా.

డబ్బా మూసి ట్రాకు పక్కన మన టీముకు వేసిన గుడారంలోకి వచ్చేసరికి చివరిసారి నట్లు చూస్తున్నారు. రంగప్ప కాగితాల పని మీద ఆఫీసులో ఉన్నాడు. మంజు మాకు వీపు పెట్టి హారిక బండి వెనక చక్రం చూస్తున్నాడు. హారిక మంజు బండి ముందు మోకాళ్ళ మీద ఉంది. నేను తన పక్కనే స్టూలు మీద కూర్చున్నాను.

స్టీరింగు నుంచి చక్రానికి పోయే కడ్డీ ఒకటుంటుంది. దాని చివర గుడ్డతో తుడుస్తూ హారిక ఆగింది. గోటితో గీరింది. మళ్ళీ తుడిచింది. నేను వంగి చూశాను. తలవెంట్రుక మందాన నల్ల గీత. మరక అనుకుంటే మరక. గోరు మాత్రం అందులో పట్టుకుంది.

మొదటి మలుపులో ఆ కడ్డీ విరిగితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు రోజు ఆ మలుపు చూశాను. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. కడ్డీ మార్చేలోపు ట్రాకు మీదికి పోయే గేటు మూస్తారు. గేటు మూశాక వచ్చిన బండి అందరి కన్నా వెనక నిలబడాలి. మొదటి చోటు హారికది. సీటు హారికది. ఇదంతా నా బుర్రలో గిర్రున తిరుగుతుంటే ఆ పిల్ల ముఖం చూశాను. అందులో లెక్కలేమీ లేవు. పగుల్ని చూసి చిరాకు పడుతోంది, అంతే.

"మంజూ. రాడ్ పోయింది" అంది.

మంజు వచ్చాడు. వంగి చూశాడు. కొత్త కడ్డీ కోసం పరుగెత్తాడు. ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు, ఒకరు పట్టుకుంటే ఒకరు విప్పుతూ. నిన్న కాఫీ పంచుకోని చేతులు ఇవాళ ఒకదాని కింద ఒకటి దూరి పని చేస్తుంటే నాలుగు చేతులూ ఒక మనిషివే అనిపించింది. బయట విజిల్ వేశారు. హారిక బండిని తోసుకుపోవడానికి మనుషులు వచ్చారు. "మేడం, గేట్ క్లోజ్" అని అరిచారు. హారిక లేచి గుడారం గుమ్మం దాకా పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. మంజు ఆఖరి నట్టు బిగించి, స్పానరు పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. అతను బిగించింది అతను సరే అనుకోకూడదు కదా. హారిక మోకాళ్ళ మీద కూర్చుని ఆ నట్టును తన చేత్తో ఇంకోసారి బిగించి చూసి, గులాబీ చుక్క పెట్టి, సీసా నా ఒళ్ళో పడేసి పరుగెత్తింది.

తను గేటు దాటింది. మంజు దాటేలోపు మూసేశారు.

గోడ దగ్గర

రంగప్ప నన్ను గోడ దగ్గరికి రానిచ్చాడు. చేతిలో పలక. సంగతి విని ఆయన విభూతి చెదిరేట్టు నుదురు రుద్దుకున్నాడు.

మొదటి చుట్టు అయ్యేసరికి హారిక అందరికన్నా ముందుంది, వెనకే నీలం బండి. మంజు ఎక్కడో చివర దుమ్ములో ఉన్నాడు.

"అంటే ఆర్డరు ఇప్పుడు మా పిల్లకేనా?" అన్నాను.

"ఆర్డరు ఆర్డరే అక్కయ్యా. ముందున్నోళ్ళే ముందు."

"మంచి ఆర్డరు" అన్నాను, నిన్న తిట్టిన నోటితోనే. సిగ్గేమీ పడలేదు.

తర్వాత చూసింది చెప్పడానికి నా దగ్గర మాటలు చాలవు. మంజు ఒక్కొక్క బండినీ దాటుకుంటూ వచ్చాడు. దాటేముందు ఎదుటివాడి వెనక నీడలాగా అతుక్కుంటాడు, మలుపు ముందర పక్కకు జరుగుతాడు, అవతలికి వచ్చేసరికి ముందుంటాడు. ఒక్కరికి కూడా తగల్లేదు. నా పక్కనున్న చెన్నై పెద్దాయన తన కొడుకు సంగతి మర్చిపోయి, అతన్నే చూస్తూ చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులు దించేలోపే మంజు ఆయన కొడుకును కూడా దాటేశాడు.

ఇంక రెండు చుట్లు. ముందు హారిక, వెనకే మంజు. మన టీము ఎరుపు బండ్లు రెండూ ఒకే దారంతో కట్టినట్టు వస్తున్నాయి. ఆ రోజు మంజే వేగంగా ఉన్నాడని నాలాంటి దానికి కూడా తెలుస్తోంది. రెండు మలుపుల్లో పక్కకు వచ్చి, దాటగలిగి కూడా, మళ్ళీ తనే తగ్గాడు. ఆర్డరు కదా. రంగప్ప పలక ఎత్తాడు, రెండు నల్ల గీతలు. నీలం బండి వెనకబడింది. సీటు ఇంటికొచ్చేసింది. నేను మా చెల్లెలికి ఫోను చేయడానికి సంచిలో చెయ్యి పెట్టాను.

హారిక గోడ ముందు నుంచి పోతూ స్టీరింగు మీది నుంచి ఒక చెయ్యి తీసింది. పలక వైపు చూపించి, వేలు అడ్డంగా ఊపింది. కిందికి దించమని.

ఆ వేగంలో ఒక చెయ్యి వదలడమే పిచ్చితనం. రంగప్పకు అర్థమయింది, నాకూ అర్థమయింది. "వద్దు రంగప్పా, దించొద్దు" అన్నాను. నిజంగా ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఆయన కదలకుండా నిలబడ్డాడు. షెడ్డు ఆయనది, బండ్లు ఆయనవి, ఆర్డరు ఆయనది. "నిన్న అదే అడిగింది గదా అక్కయ్యా" అన్నాడు చివరికి. ఆఖరి చుట్టుకు వాళ్ళిద్దరూ మా ముందుకు వచ్చేసరికి పలక నేల మీద ఉంది.

ఆ చుట్టు నాకిప్పటికీ కలలోకి వస్తుంది. మంజు పక్కకు వచ్చాడు, హారిక మూసేసింది. అటు నుంచి వచ్చాడు, అటూ మూసేసింది. అతను దాటాడు, తర్వాతి మలుపులో మా పిల్ల మళ్ళీ దాటింది. ఒకరి చక్రం ఇంకొకరి చక్రాల మధ్యకు దూరిపోతోంది, తగిలితే ఇద్దరూ గాల్లోకే. చివరి మలుపులో మంజు లోపలి వైపు నుంచి దూరాడు. హారిక కొంచెం జరిగితే చాలు, అతను గడ్డిలోకి పోతాడు. జరగలేదు. సరిగ్గా ఒక బండి పట్టేంత సందు వదిలింది. బయటికి వచ్చేటప్పుడు అతనూ అంతే వదిలాడు. పక్కపక్కనే గీత దాటారు. తెర మీద పేర్లు వచ్చేదాకా ఎవరు ముందో తెలీలేదు.

మంజు. తర్వాత హారిక.

గుడారం విప్పేటప్పుడు

హారిక బండి దిగి గుడారం మూలకు పోయి కూర్చుంది. హెల్మెట్ తీయలేదు. అద్దం కూడా ఎత్తలేదు. లోపల ఏడుస్తోందని భుజాలను చూస్తే తెలుస్తోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. కోపం, ప్రేమ, ఏడుపు అన్నీ కలిసి నోటికొచ్చింది అడిగేశాను, "చేతికొచ్చింది ఎందుకే వదులుకున్నావు?"

హెల్మెట్ లోపల్నుంచి గొంతు చిన్నగా వచ్చింది. "నిన్న వద్దన్న ఆర్డరు ఇవాళ కావాలంటే ఎట్లా పెద్దమ్మా?"

 ఆ చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. చెల్లెలు ఫోను చేస్తే, "సీటు రాలేదు" అన్నాను. "కానీ నువ్వు రావాల్సింది. నీ కూతుర్ని నువ్వు ఇంకా చూడలేదు" అన్నాను. చెల్లెలు ఫోను మాత్రం పెట్టేయలేదు.

ఫోటోలు, కప్పులు, దండలు అయ్యాక మంజు వచ్చాడు. మెడలో దండ తీసి తాడుకు తగిలించాడు. హారికతో మాట్లాడలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున ఈ పిల్ల గోరు ఆ కడ్డీ మీద ఆగకపోతే ఈ దండ ఇంకో రకంగా పడేది గదా. అడిగేద్దామని లేచేలోపు అతనే నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"సీసా ఇస్తారా ఆంటీ, మీ దగ్గరుండాది."

పొద్దున హారిక నా ఒళ్ళో పడేసిన గోళ్ళరంగు. కొంగున కట్టుకుని మర్చిపోయాను. ఇచ్చాను. అతను పోయి హారిక బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ అందరూ గుడారాలు విప్పుతున్నారు, వ్యాన్లు ఎక్కిస్తున్నారు. రంగప్ప డబ్బాలు మోస్తున్నాడు. మంజు మాత్రం ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో నట్టు మీది పాత చుక్కను గీరేసి, స్పానరుతో బిగించి, కొత్త చుక్క పెడుతున్నాడు. ఆ బండికి ఇంక రేసుల్లేవు. ఆ పిల్లకూ లేవు, తనే మాటిచ్చింది, అది అతనికీ తెలుసు.

నేను దగ్గరికి పోయాను. నా కోపం దారిలోనే ఎక్కడో జారిపోయింది. "అయిపోయింది గదప్పా. ఇంకెందుకు ఇదంతా?"

అతను తలెత్తలేదు. తర్వాతి నట్టుకు స్పానరు వేశాడు.

"తను మళ్ళా కూర్చుంటే?" అన్నాడు.

పని అయ్యాక సీసా మూత బిగించి సీటులో పెట్టి, వ్యాను దగ్గరికి పోయాడు. చాలాసేపటికి హారిక లేచింది. హెల్మెట్ తీసి నా చేతికిచ్చింది, ముఖమంతా తడి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, స్టీరింగు పక్కన వంగి, ఒక చుక్క మీద వేలు పెట్టి చూసింది. రంగు ఇంకా ఆరలేదు. వేలికంటింది. దాన్ని తుడుచుకోకుండానే వచ్చి, "పద పెద్దమ్మా, కాఫీ తాగుదాం" అంది, వ్యాను వైపు నడుస్తూ. "మంజూ" అని పిలిచింది. "బై టూ."